పసుపు బూట్ల పెదనాన్న

మీకో చిన్న పరీక్ష. మీ అమ్మకూ, మీ నాన్నగారి అన్నయ్య భార్యకూ ఉన్న వరసను ఇంగ్లీషులో ఒక్క మాటలో చెప్పండి. 'సిస్టర్ ఇన్ లా' అంటారు కదా? కానీ ఆ మాట మీ మేనత్తకూ చెల్లుతుంది, మీ మేనమామ భార్యకూ చెల్లుతుంది. ఎవరి గురించి చెబుతున్నారో తేలదు. మలయ్‌లో కొంచెం నయం, 'బిరాస్' అనే మాట ఉంది. తెలుగులో అయితే ఆ ఇద్దరు ఆడవాళ్ళ కోసమే ఒక మాట ఉంది: తోడికోడళ్ళు. ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు. కొందరు తోటికోడళ్ళు అని కూడా అంటారు. 1957లో అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటించిన ఒక సినిమాకు ఈ మాటే పేరు.

ఒకే వంటగదిలో ఇద్దరు తోడికోడళ్ళు. వాళ్ళ వెనక ఒక అత్తగారు. ఒకరికొకరు ఏమాత్రం పోలిక లేని అన్నదమ్ములు. ఇది చాలు, కథ దానంతట అదే నడుస్తుంది. మన పక్క దేశంలో ఇలాంటి ఇంటి కథ పదేళ్ళపాటు టీవీలో నడిచింది. ఆ ఇంట్లో తెలుగు ఒక్క ముక్క లేదు. అయినా తెలుగు నేర్చుకుంటున్న మీకు దాని గురించి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఎందుకో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ఒకే కప్పు కింద

'ఫువా చూ కాంగ్ ప్రైవేట్ లిమిటెడ్'. సింగపూర్ ఛానల్ 5లో 1997లో మొదలై 2007 దాకా నడిచింది. మీలో చిన్నవాళ్ళు చూసి ఉండకపోతే మీ అమ్మానాన్నలను అడగండి. పేరు వినగానే నవ్వుతారు. ఇలాంటి కార్యక్రమాన్ని సిట్‌కామ్ అంటారు. వారం వారం అవే మనుషులు, అదే ఇల్లు, ఒక కొత్త తగువు. అరగంటలో తగువు తీరుతుంది. తగువు ఎంత పెద్దదైనా ఎవరూ ఇల్లు వదిలి పోరు. పోతే వచ్చే వారం కార్యక్రమం ఉండదు మరి!

ఇంటి పెద్దకొడుకు చూ కాంగ్. ఇళ్ళు బాగుచేసే కాంట్రాక్టర్. ఉంగరాల జుట్టు, ముఖం మీద పెద్ద పుట్టుమచ్చ, చిటికెనవేలికి పొడవాటి గోరు, కాళ్ళకు పసుపు రంగు రబ్బరు బూట్లు. భార్య రోజీ. ఆమెకు గొంతూ పెద్దదే, మనసూ పెద్దదే. తమ్ముడు చూ బెంగ్ ఆర్కిటెక్ట్, చదువుకున్నవాడు. అతని భార్య మార్గరెట్‌కు పరువే ప్రాణం. బావగారి మాట, బావగారి బూట్లు, బావగారి గోరు, ఏదీ ఆమెకు నచ్చదు. వాళ్ళ అబ్బాయి అలోయిషస్. వీళ్ళందరి మీదా పెద్ద దిక్కు ఆ మా, అంటే అన్నదమ్ముల తల్లి.

ఇప్పుడు ఈ ఇంటికి తెలుగు వరసలు పెట్టి చూడండి. అలోయిషస్‌కు చూ కాంగ్ పెదనాన్న, రోజీ పెద్దమ్మ, ఆ మా నానమ్మ. చూ బెంగ్‌కు రోజీ వదిన. రోజీకి చూ బెంగ్ మరిది. మార్గరెట్‌కు చూ కాంగ్ బావగారు. ఇక్కడే తమాషా మొదలవుతుంది. 'బావగారు' అన్నాక 'నువ్వు' అనడానికి లేదు, 'మీరు' అనాల్సిందే. మార్గరెట్ తెలుగు కోడలైతే ఎంత కోపం వచ్చినా "బావగారూ, దయచేసి ఆ బూట్లు గుమ్మం బయట విప్పండి" అనాలి. ఆ 'గారు', ఆ 'అండి' పళ్ళ మధ్య ఎలా నలుగుతాయో ఊహించండి. ఇంగ్లీషులో అయితే ఆమె కోపం చూపించడానికి మాట విరుపు కావాలి, కనుబొమ్మలు కావాలి. తెలుగులో మర్యాదే ఆ పని చేసిపెడుతుంది.

ఇంకొక సంగతి. ఈ చైనా కాంట్రాక్టర్ వేషం వేసిన నటుడు గుర్మీత్ సింగ్. తండ్రి వైపు సిక్కు కుటుంబం. ఆ పేరు తెలియకుండా టీవీ చూసినవాళ్ళు ఎవరూ అతను చైనీయుడు కాదని అనుకోరు. మా నానమ్మకు ఈ సంగతి చెబితే చాలాసేపు నమ్మలేదు. నమ్మాక మాత్రం, "అదీ సంగతి, అందుకే మనోడిలాగ ఉన్నాడు" అంది.

మా ఇంటి సంగతి చెప్పకుండా ఆ ఇంటి సంగతి నేను చెప్పలేను. ఆ కార్యక్రమం మొదలైనప్పుడు నాకు పదేళ్ళు. జొహోర్ బారులో వరసగా కట్టిన ఇళ్ళలో ఒకటి మాది. మూడు గదులు, ఒకటే స్నానాలగది, ఎనిమిది మంది. నానమ్మ, పెదనాన్న, పెద్దమ్మ, వాళ్ళ పిల్లలు ఇద్దరు, అమ్మ, నాన్న, నేను. టీవీ ఏంటెన్నాను సింగపూర్ వైపు తిప్పి ఉంచేవాళ్ళం. మాకూ సింగపూర్‌కూ మధ్య ఉన్నది కిలోమీటరు పొడవు కాజ్‌వే. వాళ్ళ ఛానళ్ళు మాకు శుభ్రంగా అందేవి.

పెదనాన్న టైల్స్ పరిచే మేస్త్రీ. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, మోటార్‌సైకిల్ మీద కాజ్‌వే దాటి, అవతల రోజంతా పనిచేసి, చీకటి పడ్డాక వచ్చేవాడు. ఎస్టేట్‌లో పుట్టినవాడు. అక్కడ తెలుగు బడి లేదు కాబట్టి తమిళ బడిలో చదివాడు, అదీ కొన్నేళ్ళే. నాన్న ఆయనకంటే పదేళ్ళు చిన్న. ఇంగ్లీషు మీడియంలో చదివి ఒక షిప్పింగ్ ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. ఆ చదువుకు డబ్బు ఇచ్చింది పెదనాన్నే. ఈ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. ఎవరూ మరిచిపోయేవారూ కాదు.

ఇక మేము ఆ కార్యక్రమానికి ఎందుకు అతుక్కుపోయామో వేరే చెప్పాలా? చూ కాంగ్ తన పని గురించి గొప్పలు చెప్పుకునేటప్పుడు, తాను సింగపూర్‌లోనే బెస్ట్ అని, జేబీలోనూ బెస్ట్ అని, కొందరైతే బాతామ్‌లో కూడా అంటారని చెబుతాడు. జేబీ అంటే మా ఊరే. ఆ మాట వచ్చినప్పుడల్లా పిల్లలం ముగ్గురం చప్పట్లు కొట్టేవాళ్ళం. పెదనాన్న సోఫాలో కాళ్ళు చాపుకుని, "వాడిని ఇక్కడికి రమ్మను, ఎవరు బెస్టో చూస్తాం" అనేవాడు.

నానమ్మకు ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషు వార్తలు పెడితే లేచి వెళ్ళిపోయేది. చూ కాంగ్ వస్తే మాత్రం కదిలేది కాదు. అతని మాటలు ఆమెకు అర్థమయ్యేవి! ఎలాగంటారా? సింగపూర్‌వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునే ఆ ఇంగ్లీషును సింగ్లిష్ అంటారు. అందులో మలయ్ మాటలు ఉంటాయి, హొక్కియన్ మాటలు ఉంటాయి. వాక్యాలు పొట్టిగా ఉంటాయి. మిగతాది చేతులూ ముఖమూ చెప్పేస్తాయి. అతన్ని ఆమె 'పసుపు బూట్లోడు' అని పిలిచేది.

ప్రధానమంత్రి చెప్పిన మాట

1999 ఆగస్టులో సింగపూర్ ప్రధానమంత్రి గో చోక్ టాంగ్ జాతీయ దినోత్సవ సభలో ప్రసంగించారు. ఏటా జరిగే పెద్ద ప్రసంగం అది. ఆ ఏడు అందులో చూ కాంగ్ పేరు వచ్చింది. చూ కాంగ్ మాటలను పిల్లలు బడిలో కూడా వాడుతున్నారని టీచర్లు బాధపడుతున్నారని ఆయన అన్నారు. చూ కాంగ్‌ను ఇంగ్లీషు క్లాసులో చేర్చమని టీవీవాళ్ళను అడిగానని, అతను చేరడానికి ఒప్పుకున్నాడని కూడా చెప్పారు. ఒక దేశ ప్రధానమంత్రి, లేని మనిషిని బడికి పంపించారు! సభలో అందరూ నవ్వే ఉంటారు. ఆయన కూడా సరదాగానే అన్నారు. కానీ లోపలి మాట సరదా కాదు. 2000లో 'మంచి ఇంగ్లీషు మాట్లాడండి' అనే ఉద్యమాన్ని ప్రభుత్వమే మొదలుపెట్టింది. టీవీలో చూ కాంగ్ కూడా నిజంగానే క్లాసుకు వెళ్ళాడు.

మా నాన్న ఈ వార్తను పేపర్లోంచి గట్టిగా చదివి వినిపించారు. చదివి, "చూశావా" అని నావైపు చూశారు. నా నోట్లోంచి ఇంగ్లీషు పెదనాన్న ఇంగ్లీషులాగ వస్తోందని ఆయనకు అప్పటికే బెంగ. పెదనాన్న అన్నం కలుపుకుంటూ, "ఒరే తమ్ముడూ, ఆ క్లాసులో నా పేరు కూడా రాయించు, ఇద్దరం కలిసి పోతాం" అన్నాడు. పెద్దమ్మ నవ్వింది. నాన్న నవ్వలేదు.

ప్రధానమంత్రి చెప్పినది తప్పని నేను అనను. బయటి ప్రపంచంతో వ్యాపారం చేసి బతికే చిన్న దేశం అది. వాళ్ళ మాట బయటివాళ్ళకు అర్థం కాకపోతే నష్టం వాళ్ళకే. తెలుగు విషయంలో నాకూ అలాంటి అనుభవమే ఒకటి ఉంది, తరవాత చెబుతాను. కానీ ఆ ఇంట్లో సింగ్లిష్ ఏం పని చేస్తోందో కూడా చూడాలి.

సింగపూర్‌లో 1979లో 'మాండరిన్ మాట్లాడండి' ఉద్యమం మొదలైంది. అంతకుముందు అక్కడి చైనీయుల ఇళ్ళలో హొక్కియన్, టియోచూ, కాంటనీస్ లాంటి భాషలు వినిపించేవి. వాటిని పక్కనపెట్టి అందరూ మాండరిన్ మాట్లాడాలన్నది ఆలోచన. కొన్నేళ్ళలో టీవీలోనూ రేడియోలోనూ ఆ ఇంటి భాషల కార్యక్రమాలు దాదాపు ఆగిపోయాయి. పిల్లలు బడిలో ఇంగ్లీషూ మాండరినూ నేర్చుకున్నారు. ఇంట్లో ముసలివాళ్ళకు ఆ రెండూ సరిగా రావు. ఒకే బల్ల దగ్గర అన్నం తింటూ నానమ్మ ఒక భాష, మనవడు ఇంకో భాష.

ఇప్పుడు టీవీలో ఉన్న ఆ ఇంటిని మళ్ళీ చూడండి. తల్లి ఒక కాలం మనిషి. పెద్దకొడుకు పనివాళ్ళ మధ్య పెరిగిన మనిషి. చిన్నకొడుకు కాలేజీ చదువు చదివాడు. చిన్న కోడలికి పరువు కావాలి. మనవడు బడికి వెళుతున్నాడు. వీళ్ళందరూ ఒకరితో ఒకరు పోట్లాడుకోవాలన్నా ఒక భాష కావాలి కదా. అందరికీ ఇంతో అంతో వచ్చినది ఆ అతుకుల ఇంగ్లీషు ఒకటే. 'వంకర భాష' అని అందరూ నవ్వే ఆ మాటే ఆ ఇంటి గోడల్ని నిలబెట్టింది. నేను పదేళ్ళప్పుడు ఇది గమనించలేదు. నలభైకి దగ్గర పడ్డాక, పాత భాగాలు మళ్ళీ చూస్తుంటే కనిపించింది.

ఆ వంకరలో కూడా ఒక వరస ఉంది. చూ కాంగ్ మాటల్లో అన్నిటికంటే పేరు మోసినది "డోంట్ ప్రే ప్రే". 'ప్లే' అనబోయి 'ప్రే' అంటాడు. 'నాతో ఆటలాడకు' అని అర్థం. మాటను ఇలా రెండుసార్లు అనడం ఇంగ్లీషు పద్ధతి కాదు. మలయ్‌లో మనం 'జాలన్ జాలన్' అంటాం. తెలుగులో? వేడి వేడి ఇడ్లీ. చిన్న చిన్న ముక్కలు. నవ్వి నవ్వి కడుపు నొప్పి. మీకు ఈ పద్ధతి పుట్టుకతోనే వచ్చు. పుస్తకం చూసి నేర్చుకోనక్కర్లేదు.

ఇంకొకటి, 'లా'. 'కెన్ లా' అంటారు అక్కడా ఇక్కడా. ఇంగ్లీషు టీచరు ఆ 'లా'ను ఎర్ర సిరాతో కొట్టేస్తారు. మరి తెలుగులో 'లే' సంగతేమిటి? 'వస్తాను' అంటే మాట ఇచ్చినట్టు. 'వస్తాలే' అంటే కంగారు పడకు అని. గొంతు కొంచెం మారిస్తే, ఇక నన్ను వదిలెయ్ అని. 'పోనీ', 'పోనీలే'. 'సరే', 'సరేలే'. ఈ తేడాను ఇంగ్లీషులో చెప్పి చూడండి, ఒక పేరా రాయాల్సి వస్తుంది. లా, లే ఒకే ఇంటివని నేను అనడం లేదు. వాటి పుట్టుకలు వేరు. చేసే పని మాత్రం చాలా దగ్గర.

ఏటి

ఆ ఏడాది చివర్లోనే మా ఇంటికి ఒక అతిథి వచ్చారు. దేశం నుంచి వచ్చిన పెద్దమనిషి, తెలుగు బాగా చదువుకున్నవారు. ఎవరన్నది ఇక్కడ అనవసరం. దేశం మనిషి మన గుమ్మంలోకి వచ్చాడని నానమ్మ పొద్దున్నుంచి సంబరపడింది. మంచి చీర కట్టుకుంది. ఆయన కూర్చోగానే ఎదురుగా నిలబడి అడిగింది:

"బాబూ, ఏటి తింటారు? మా పెద్దోడు పసారుకి ఎల్లినాడు. సేపలు తెత్తాడు."

ఆయన నవ్వారు. చెడ్డ నవ్వు కాదనే అనుకుంటాను. "ఏటి కాదమ్మా, ఏమిటి అనాలి. వెళ్ళాడు అనాలి. పసారు అంటే ఏ భాష?" అన్నారు. నాన్న నవ్వారు. అన్నయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. నాకు పన్నెండేళ్ళు. చూ కాంగ్ మాటలకు వారం వారం నవ్వి అలవాటైన నోరు నాది. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

నానమ్మ కూడా నవ్వింది, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఆ తరవాత ఆయన ఉన్నంతసేపూ వంటింట్లోంచి బయటికి రాలేదు. చేపలు వచ్చాయి, పులుసు అయింది, ఆయన మెచ్చుకుని రెండుసార్లు వేయించుకున్నారు. వడ్డించింది అమ్మ.

ఆ రోజు తరవాత నానమ్మ నాతో మలయ్‌లో మాట్లాడడం మొదలుపెట్టింది. 'సుదా మాకన్?' అని అడిగేది. తిన్నావా అని. నేను తెలుగులో జవాబు చెప్పినా మళ్ళీ మలయ్‌లోనే అడిగేది. ఒకసారి కథ చెప్పమని పట్టుబట్టాను. "నీకు మంచి తెలుగు నేర్పే పంతులు కావాలి. నా దగ్గరేటుంది" అంది. కోపంగా అనలేదు. అలా కోపం లేకుండా అన్నదే ఇప్పటికీ గుర్తుంది. అయిదేళ్ళ తరవాత ఆమె చనిపోయింది. ఎస్టేట్ కథలు, వాళ్ళ అమ్మ ఓడలో విన్న పాటలు, అన్నీ ఆమెతోనే పోయాయి.

2012లో మొదటిసారి విశాఖపట్నం వెళ్ళాను. మలయాకు ఒప్పంద కూలీలను పంపడం 1910లో ఆగిపోయింది. అంటే మా ముత్తాత ఆ తీరం వదిలి అప్పటికే వందేళ్ళు దాటింది. స్టేషన్ బయట ఆటో అతను నా సంచి అందుకుంటూ, "ఏటి బాబూ, ఎక్కడికెల్లాలి?" అన్నాడు.

నేను జవాబు చెప్పలేకపోయాను. అతను మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే మాట, ఏటి. విజయనగరంలో బస్సులో విన్నాను. శ్రీకాకుళంలో టీకొట్టు దగ్గర విన్నాను. పండ్లమ్మే ఆవిడ తన మనవణ్ణి 'ఎల్లిపోనాడు' అని తిడుతోంది. నానమ్మ తెలుగు ఎస్టేట్‌లో పాడైపోయిన తెలుగు కాదు. అది ఆ నేల తెలుగు. మా అతిథి ఇంకో జిల్లా మనిషి, అంతే.

అలాగని నానమ్మ మాటలన్నీ అక్కడ చెల్లాయని అనుకోకండి. దారి అడిగేటప్పుడు 'పసారు ఎక్కడ?' అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. అది మలయ్ మాట, బజారు అని. అది నాకు తెలిసిన మాటే, అయినా తెలుగు మాట్లాడుతుంటే నోటికి అదే వచ్చింది. ఇంకో రోజు ఒకరి ఇంట్లో కూర్చుని, "ఈ నెల గాజి ఇంకా రాలేదు" అన్నాను. ఆ ఇంటావిడ, "ఏ గాజు బాబూ, ఎవరికి?" అని చేతి గాజులు చూపించారు. మా ఇంట్లో జీతాన్ని ఎప్పుడూ గాజి అనేవాళ్ళం. అదీ మలయే. ప్రధానమంత్రి మాటను నేను కొట్టిపారెయ్యలేనని ముందే చెప్పాను కదా, ఇందుకే. ఇల్లు దాటి వెళ్ళినప్పుడు ఇంకో మాట కూడా చేతిలో ఉండాలి. జీతం, బజారు, ఏమిటి, వెళ్ళాడు, ఇవన్నీ నేను తరవాత కూర్చుని నేర్చుకున్నాను. మీరూ నేర్చుకుంటున్నారు. కానీ కొత్త మాట నేర్చుకోవడానికి పాత మాట మాట్లాడేవాళ్ళ నోరు మూయించనక్కర్లేదు. ఆ రోజు మా అతిథిగారు 'ఏటి' విని, "అమ్మా, మీ పెద్దలది ఉత్తరాంధ్రా?" అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే చాలు. నానమ్మ రాత్రంతా చెప్పి ఉండేది.

మీ ఇంట్లో ఆడండి

ఇప్పుడు మీకు ఒక పని. ఆ కార్యక్రమంలో ఏదైనా ఒక భాగం దొరికితే పెట్టండి. దొరకకపోతే అన్నదమ్ములు ఒకే ఇంట్లో ఉండే ఏ కార్యక్రమమైనా పరవాలేదు. శబ్దం తీసేయండి. ఒక్కొక్కరు ఒక్కొక్క మనిషిని పంచుకుని తెలుగులో మాట్లాడండి. మార్గరెట్‌ను తీసుకున్నవాళ్ళు 'బావగారూ' అని మొదలుపెట్టి 'అండి'తో ముగించాలి, ఎంత కోపం వచ్చినా సరే. చూ కాంగ్‌ను తీసుకున్నవాళ్ళు మరదలిని 'అమ్మాయ్' అనొచ్చు, 'నువ్వు' అనొచ్చు. ఆ మా వేషం మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళకు ఇవ్వండి. వాళ్ళు ఏ మాట వాడినా సరిదిద్దకండి. తెలియని మాట వస్తే రాసిపెట్టుకోండి, తరవాత అడగండి. మా ఇంట్లో ఇలా ఆడినప్పుడు పెద్దమ్మ నోటి నుంచి నేను ముప్పై ఏళ్ళుగా వినని మాటలు వచ్చాయి. 'గుంటడు' అంది అలోయిషస్‌ను. పిల్లవాడు అని.

ఇది బాగా అలవాటయ్యాక తెలుగులోనే చూడాలనిపిస్తే 'అమృతం' ఉంది. 2001లో జెమిని టీవీలో మొదలైంది, గుణ్ణం గంగరాజుగారిది. అందులో ఉన్నది చుట్టాలు కాదు, ఇద్దరు స్నేహితులు, వాళ్ళ భార్యలు, ఇంటి యజమాని అప్పాజీ. మాటల వేగం ఎక్కువ. మొదటిసారి సగమే అందుతుంది. మళ్ళీ చూడండి. నేను ఒక్కో భాగం మూడేసి సార్లు చూశాను, మూడోసారే నవ్వొచ్చింది.

చూ కాంగ్ సంగతి పూర్తి చెయ్యనివ్వండి. క్లాసుకు పంపిన నాలుగేళ్ళకు, 2003లో, సింగపూర్‌లో సార్స్ వ్యాధి వచ్చింది. జనానికి జాగ్రత్తలు చెప్పాలి. ఎవరు చెబితే వింటారు? చూ కాంగ్‌తో ఒక ర్యాప్ పాట పాడించారు. బూట్లూ మచ్చా అలాగే, మాటా అలాగే. 2009లో అతను మా వైపు కూడా వచ్చాడు. ఎన్‌టీవీ7లో మలేసియా కథతో ఇంకో కార్యక్రమం, తరవాతి ఏడు ఒక సినిమా. నిజం చెప్పాలంటే అవి నాకు అంతగా పట్టలేదు. ఆ పాత ఇల్లు లేదు మరి.

ఆ తరవాత కోవిడ్. 2020 మార్చిలో కాజ్‌వే మూసేశారు. మా అన్నయ్య, అంటే పెదనాన్న కొడుకు, అవతలే ఉండిపోయాడు. అక్కడే పని, అక్కడే ఒక గదిలో ఇంకో నలుగురితో. మునుపటిలాగ రోజూ దాటడం మొదలయ్యేసరికి 2022 ఏప్రిల్ వచ్చింది. మా కిటికీలోంచి చూస్తే అవతలి దీపాలు కనిపిస్తాయి. పెదనాన్న రాత్రిళ్ళు ఆ కిటికీ దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆయనకు డెబ్భై దాటాయి, మోకాళ్ళు అరిగిపోయాయి. ఇన్నేళ్ళు నేల మీద కూర్చుని టైల్స్ పరిచినందుకు మిగిలింది అది.

2021లో ఒక రోజు అన్నయ్య అవతలి నుంచి ఫోన్‌కు ఒక వీడియో పంపాడు. టీకా వేయించుకోండి అని సింగపూర్ ప్రభుత్వం చేయించిన పాట. పాడుతున్నది చూ కాంగ్. అదే జుట్టు, అదే మచ్చ, అదే మాట. కింద అన్నయ్య ఒక్క ముక్క రాశాడు, తానూ వేయించుకున్నానని. పెదనాన్న ఫోన్‌ను దూరంగా పట్టుకుని మొత్తం చూశాడు. అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నాడు. రెండోసారి చూస్తూ చూస్తూ, పక్కన ఉన్న పెద్దమ్మను మోచేత్తో పొడిచి అన్నాడు:

"ఏటే, వీడింకా ఆ బూట్లు ఇప్పలేదా?"